చేపల ట్యాంకులో ఉప్పు వెయ్యాలా వద్దా?

మంచినీళ్ళ చేపలకి రోజూ ఉప్పు అక్కర్లేదండి, షాపులో ఎవరైనా వారానికో గుప్పెడు వెయ్యమంటే తలూపేసి వచ్చెయ్యండి. ఉప్పు మందు లాంటిది, అంతే. ఒంటిమీద రవ్వ చల్లినట్టు తెల్లచుక్కలొచ్చి చేప రాళ్ళకి రాసుకుంటుంటే పనికొస్తుంది, కొత్త ట్యాంకులో నైట్రైట్ (చేపల వ్యర్థాల్లోంచి పుట్టే విషం) పెరిగినప్పుడు కూడా, ఎందుకంటే ఉప్పులో ఉండే క్లోరైడ్ ఆ నైట్రైట్‌ని మొప్పల్లోంచి లోపలికి పోకుండా చాలావరకు ఆపుతుంది.

చుక్కలకైతే లీటరుకి 2 గ్రాములు, అంటే 50 లీటర్ల ట్యాంకుకి 100 గ్రాములు, వంటింటి కాటా మీద తూచండి, గుప్పెళ్ళ లెక్క వద్దు. ఏమీ కలపని కల్లుప్పు చాలు. మగ్గుతో ట్యాంకు నీళ్ళే తీసుకుని పూర్తిగా కరిగించి, సగం ఇవాళ, సగం రేపు, ఫిల్టర్ నీళ్ళు పడేచోట మెల్లగా పొయ్యండి. చుక్కలు రాలిపోయాయని వెంటనే ఆపెయ్యొద్దు, ఆ చుక్కలు తెచ్చే పురుగు అడుగున గులకరాళ్ళలో పిల్లలు పెడుతుంటుంది, ఇంకో వారం ఉంచాలి.

నేను చేసిన తెలివితక్కువ పని చెప్తా, నీళ్ళు ఆవిరై తగ్గినప్పుడల్లా ఉప్పునీళ్ళే పోశా. ఉప్పు ఆవిరవదు కదా, అలా పేరుకుపోయి మొక్కలన్నీ జావైపోయాయి. తగ్గినప్పుడు మామూలు నీళ్ళే పొయ్యాలి.

మోలీలు, గప్పీలు, గోల్డ్‌ఫిష్‌లు బానే తట్టుకుంటాయి. కోరీలు, లోచ్‌లు లాంటి అడుగున తిరిగే చేపలు, నత్తలు, మొక్కలు ఉంటే మాత్రం జబ్బు చేపని విడిగా టబ్బులో పెట్టి వైద్యం చెయ్యండి. అయిపోయాక రెండు మూడు రోజులకోసారి పావు వంతు నీళ్ళు మారుస్తూ పోతే ఉప్పు తగ్గిపోతుంది, ఫిల్టర్ మాత్రం దాన్ని తియ్యలేదు.