ఇ పొర, ఎఫ్ పొర ఈ సాయంత్రం ఎంత గట్టిగా కలిసున్నాయి? మీరే లెక్కేసి చూడండి

బొమ్మల్లో అయనోస్ఫియర్‌ని, అంటే ఎండ వల్ల గాలి అయాన్లుగా, ఎలక్ట్రాన్లుగా విడిపోయే పై వాతావరణాన్ని, అరలు అరలుగా గీస్తారు: 90 నుంచి 150 కిలోమీటర్ల దాకా ఇ పొర, దాని పైన ఎఫ్ పొర. కానీ కరెంటు సంగతికొస్తే ఈ రెండూ ఒకే సర్క్యూట్. ఎలక్ట్రాన్లకి అయస్కాంత బలరేఖ వెంట కదలడం చాలా సులువు, దానికి అడ్డంగా కదలడమే కష్టం, అందుకే ఒక పొరలో పుట్టిన విద్యుత్ క్షేత్రం బలరేఖ పట్టుకుని రెండో పొరకి చేరుతుంది. ఈ బంధాన్ని కొలిచే సంఖ్య ఒకటుంది: బలరేఖ మీది మొత్తం వాహకతలో ఎఫ్ పొర వాటా ఎంత అని.

ముందు చేయాల్సిన పని, ఎక్కువమంది వదిలేసే పని, బలరేఖ పాదం, అంటే అది కిందికి వంగి ఇ పొరని తాకే చోటు, ఎక్కడుందో కనుక్కోవడం. ఎఫ్ పొరకి సరిగ్గా కింద ఉన్న ఇ పొరని తీసుకుని లెక్క మొదలుపెట్టకండి. అయస్కాంత భూమధ్యరేఖ మీద 350 కి.మీ. ఎత్తుని తీసుకుందాం. భూమి కేంద్రం నుంచి అది 6721 కి.మీ., 110 కి.మీ. ఎత్తులోని ఇ పొర 6481 కి.మీ. చిన్నదాన్ని పెద్దదానితో భాగించి వర్గమూలం తీస్తే పాదం ఉన్న అయస్కాంత అక్షాంశపు కొసైన్ వస్తుంది. అంటే దాదాపు 11 డిగ్రీలు, ఉత్తరానికీ దక్షిణానికీ సుమారు 1200 కి.మీ. దూరం! మీకు కావాల్సిన ఇ పొర అక్కడుంది, రెండు వైపులా. భూమధ్యరేఖకి దూరంగా ఉంటే భూమిని ఒక దండయస్కాంతంలా చూసే ఈ సాదా డైపోల్ లెక్క కాకుండా, భూమి అసలు అయస్కాంత క్షేత్రాన్ని చూపే ఐజీఆర్ఎఫ్ మోడల్ వాడండి.

ఎలక్ట్రాన్ సాంద్రతకి ఐఆర్ఐ అనే మోడల్, గాలి సాంద్రతకీ ఉష్ణోగ్రతకీ ఎంసిస్ అనే మోడల్, రెండూ పైథాన్‌లో ఉచితంగానే దొరుకుతాయి.

ఇప్పుడు బలరేఖ మీద ప్రతి బిందువు దగ్గరా పెడర్సన్ వాహకత, అంటే బలరేఖకి అడ్డంగా, విద్యుత్ క్షేత్రం దిశలోనే కరెంటు ఎంత సులువుగా పారుతుందో, లెక్క కట్టాలి. ఎలక్ట్రాన్ సాంద్రతని ఎలక్ట్రాన్ ఆవేశంతో గుణించి అయస్కాంత క్షేత్రంతో భాగించండి, వచ్చినదాన్ని ఒక భిన్నంతో గుణించండి. ఆ భిన్నంలో పైన అయాన్ గాలిని ఢీకొనే రేటు, అది బలరేఖ చుట్టూ తిరిగే రేటు, ఈ రెండిటి లబ్ధం; కింద వాటి వర్గాల మొత్తం. రెండు రేట్లూ సమానమైన చోట భిన్నం సగానికి చేరుతుంది, అదే గరిష్ఠం, దాదాపు 125 కి.మీ. దగ్గర. అయాన్ బరువు మార్చడం మర్చిపోవద్దు: ఎఫ్‌లో ఆక్సిజన్ అయాన్, 16, ఇ లో నైట్రిక్ ఆక్సైడ్, ఆక్సిజన్ అణువుల అయాన్లు, 30, 32.

తర్వాత బలరేఖ వెంట కూడుకుంటూ పోండి, ఇ భాగం వేరుగా, ఎఫ్ భాగం వేరుగా. ఎఫ్ మొత్తాన్ని రెండిటి మొత్తంతో భాగిస్తే మీ జవాబు. పగలు ఈ సంఖ్య తక్కువ, ఎందుకంటే ఎఫ్ పొరలో గాలి పుట్టించే ఆవేశాలు ఇ పొర గుండా కారిపోతాయి, బ్యాటరీ రెండు కొసలకీ తీగ తగిలించినట్టు. సూర్యుడు అస్తమించాక ఇ పొర పలచబడుతుంది, సంఖ్య ఒకటి వైపు పాకుతుంది, ఆవేశాలు నిలబడతాయి, తూర్పు దిశ విద్యుత్ క్షేత్రం పెరిగి ఎఫ్ పొర పైకి లేస్తుంది. అందుకని పదిహేను నిమిషాలకోసారి లెక్కేయండి, గంటకోసారి చాలదు. 110 కి.మీ. ఎత్తులో సూర్యుడు నేల మీదకంటే దాదాపు 40 నిమిషాల వరకు ఆలస్యంగా అస్తమిస్తాడు. రెండు పాదాలూ ఒకేసారి చీకట్లోకి వెళ్లే కాలంలో ఈ మార్పు బాగా పదునుగా ఉంటుంది, నాకైతే మొత్తం లెక్కలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

ఒక జాగ్రత్త. స్పొరాడిక్ ఇ, అంటే ఒక్కోసారి ఏర్పడే, మందం తక్కువైనా ఎలక్ట్రాన్లు దట్టంగా ఉండే పొర, ఆ రోజు ఉందో లేదో ఐఆర్ఐ చెప్పదు. పాదం దగ్గర్లోని అయనోసోండ్ (పైకి రేడియో తరంగాలు పంపి ప్రతిధ్వనులు వినే పరికరం) రికార్డులో స్పొరాడిక్ ఇ పై పొరని ఎంత పౌనఃపున్యం దాకా కప్పేస్తోందో చూడండి. ఆ మెగాహెర్ట్జ్ సంఖ్యని వర్గం చేసి 1240 కోట్లతో గుణిస్తే ఘన మీటరుకి ఎన్ని ఎలక్ట్రాన్లో వస్తుంది; 3 మెగాహెర్ట్జ్ అయితే సుమారు 11 వేల కోట్లు. ఈ పొర మందం కొద్ది కిలోమీటర్లే కాబట్టి ఆ చోట ఎత్తులో కిలోమీటరుకన్నా చిన్న అడుగులు వేయండి, పైగా ఇందులో ఇనుము అయాన్లు ఎక్కువ, బరువు 56 పెట్టండి.

చివరగా, విద్యుత్ క్షేత్రం ఎంత వెడల్పుదో చూసుకోండి. పదుల కిలోమీటర్ల వెడల్పున్నవి దాదాపు చెక్కుచెదరకుండా అవతలికి చేరతాయి, కిలోమీటరుకన్నా చిన్నవి దారిలోనే ఆరిపోతాయి. పెద్దవైతే ఒక అర్ధగోళం నుంచి రెండోదానికీ వెళ్తాయి: జపాన్‌లోని సతా మీద రాత్రిపూట అయనోస్ఫియర్‌లో కనిపించిన అలలు అదే సమయంలో ఆస్ట్రేలియాలోని డార్విన్ మీద అద్దంలో బింబంలా కనిపించాయని 2004లో ప్రచురించారు. కాబట్టి మధ్య అక్షాంశాల్లో కూడేటప్పుడు కూడా అవతలి అర్ధగోళపు ఇ పొరని లెక్కలో కలపండి, ఇక్కడ రాత్రయినా అక్కడ ఇంకా వెలుగుంటే మీ సంఖ్య బాగా పడిపోతుంది.