సొంత బిట్‌కాయిన్ నోడ్: రెగ్‌టెస్ట్‌తో మొదలుపెట్టండి

మొదటిసారి బిట్‌కాయిన్ నోడ్ (బిట్‌కాయిన్ లావాదేవీలను దించుకుని సరిచూసే ప్రోగ్రాం) నడిపినప్పుడు నేను ఒకే ఒక్క పదం రాయడం మరచిపోయాను: ‘రెగ్‌టెస్ట్’, అంటే అసలు నెట్‌వర్క్‌తో సంబంధం లేకుండా మన కంప్యూటర్‌లోనే నడిచే పరీక్షా నెట్‌వర్క్. లాప్‌టాప్‌ను ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపి భోజనానికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి ఆ రోజు డేటా మొత్తం ఖాళీ. నోడ్ తప్పేమీ లేదు, 2009 జనవరి నుంచి జరిగిన లావాదేవీలన్నింటినీ బుద్ధిగా దించుకుంటోంది. అవి వందల జీబీలు. నాకు కావలసింది నేను రాసిన చెల్లింపుల కోడ్ పనిచేస్తుందో లేదో చూసుకోవడం మాత్రమే.

అప్పటి నుంచి నేను ముందు సెట్టింగ్స్ ఫైలే రాస్తాను. నోడ్ నడిపే సాఫ్ట్‌వేర్ బిట్‌కాయిన్ కోర్ ఇన్‌స్టాల్ చేశాక, లినక్స్‌లో అయితే హోమ్ ఫోల్డర్‌లో ‘.బిట్‌కాయిన్’ అనే ఫోల్డర్ చూడండి. లేకపోతే మీరే సృష్టించండి. అందులో ‘బిట్‌కాయిన్.కాన్ఫ్’ అనే ఫైలు పెట్టి రెండు వరుసలు రాయండి: ‘రెగ్‌టెస్ట్=1’, ‘ఫాల్‌బ్యాక్‌ఫీ=0.0002’. (ఇక్కడి ఆదేశాలన్నీ టైపు చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లోనే, ఖాళీలు ఎక్కడున్నాయో గమనిస్తూ.) రెండో వరుస లేకపోతే డబ్బు పంపబోయినప్పుడు ఫీజు అంచనా వేయలేనంటూ నోడ్ మొరాయిస్తుంది. ఎవరూ లావాదేవీలు చేయని గొలుసులో (బ్లాక్‌చైన్‌లో) అంచనాకు ఆధారమేముంటుంది?

ఇప్పుడు ‘బిట్‌కాయిన్‌డి -డెమన్’ అని నోడ్‌ను నడపండి. తర్వాత ‘బిట్‌కాయిన్-సీఎల్ఐ క్రియేట్‌వాలెట్’ పక్కన మీకు నచ్చిన పేరు ఇచ్చి వాలెట్ తయారు చేసుకోండి. ‘బిట్‌కాయిన్-సీఎల్ఐ’తోనే ‘గెట్‌న్యూఅడ్రస్’ అడిగితే వచ్చే చిరునామా ‘బీసీఆర్‌టీ1’తో మొదలవ్వాలి. ‘బీసీ1’ కనిపించిందా, వెంటనే ఆపేయండి. మీరున్నది అసలు నెట్‌వర్క్‌లో.

అసలు తమాషా ఇక్కడి నుంచే. ‘బిట్‌కాయిన్-సీఎల్ఐ -జనరేట్ 1’ అంటే క్షణంలో ఒక బ్లాక్ (లావాదేవీల కట్ట) పుడుతుంది, మీ వాలెట్‌కు 50 బిట్‌కాయిన్ల బహుమతి వస్తుంది. ఆశగా ‘గెట్‌బాలెన్స్’ కొడితే మాత్రం సున్నా! నేను ఆ సున్నాను చూస్తూ అరగంట కూర్చున్నాను. తవ్వినవాడికి, అంటే బ్లాక్‌ను సృష్టించినవాడికి, వచ్చే బహుమతిని ఆపైన మరో 100 బ్లాకులు పడితే గానీ ఖర్చు చేయనివ్వరు. ‘-జనరేట్ 100’ ఇచ్చి మళ్లీ చూడండి, సరిగ్గా 50 కనిపిస్తుంది. మిగిలిన 5000 ఇంకా పక్వానికి రాలేదని ‘గెట్‌బాలెన్సెస్’ చెబుతుంది.

‘సెండ్‌టుఅడ్రస్’తో 10 పంపి చూడండి. పది నిమిషాలు కాదు, పది రోజులు ఆగినా అది ఖరారు కాదు, అంటే ఏ బ్లాక్‌లోనూ చేరదు. ఇక్కడ తవ్వేది మీరొక్కరే. ఆ ఆలస్యమే మనకు పనికొచ్చేది: సున్నా ఖరారుల దగ్గర మీ ప్రోగ్రాం ఏం చేస్తోంది, ఒక బ్లాక్ పడ్డాక ఏమంటోంది, ఆరు పడ్డాక ఏమంటోంది అని తీరిగ్గా చూసుకోవచ్చు. నా ప్రోగ్రాం సున్నా దగ్గరే ‘డబ్బు అందింది’ అని రసీదు ఇచ్చేసింది. తర్వాత ఆ చెల్లింపు చేరిన బ్లాక్ హ్యాష్‌ను (దాని గుర్తింపు సంఖ్యను) ‘ఇన్‌వాలిడేట్‌బ్లాక్’కు ఇచ్చి, ఖరారైన చెల్లింపు వెనక్కు పోతే మీ కోడ్ తట్టుకుంటుందో లేదో కూడా పరీక్షించండి. చాలామంది వదిలేసే పరీక్ష ఇదే.

ఒక చిన్న ఉచ్చు ఉంది. అసలు నెట్‌వర్క్‌లో బహుమతి 2,10,000 బ్లాకులకోసారి సగమవుతుంది, రెగ్‌టెస్ట్‌లో 150కే. పొద్దున నెగ్గిన నా పరీక్ష సాయంత్రం ఓడిపోయింది, నేను 50 అని కోడ్‌లో రాసిపెట్టినందుకు.

మీ కోడ్ నోడ్‌తో మాట్లాడాల్సింది 18443 పోర్టులో. పాస్‌వర్డ్ పెట్టకపోతే నోడ్ మొదలైన ప్రతిసారీ ‘.కుకీ’ ఫైలులో కొత్తది రాస్తుంది, దాన్ని కోడ్‌లో అతికించకుండా అక్కడి నుంచే చదవండి. నోడ్ ఆపి మళ్లీ నడిపాక వాలెట్ కనిపించకపోతే కంగారు వద్దు, ‘లోడ్‌వాలెట్’ చాలు. అంతా మొదటి నుంచి కావాలంటే ‘స్టాప్’ ఇచ్చి, ‘రెగ్‌టెస్ట్’ ఫోల్డర్ ఒక్కటే తొలగించండి. దాని పై ఫోల్డర్‌లో మీ నిజమైన వాలెట్లు ఉండవచ్చు, అందుకే ఆ మీట నొక్కేముందు నేను దారిని రెండుసార్లు చదువుతాను.