సోషల్ మీడియాతో పనులు చక్కబెట్టుకోవడం – మూడో పాఠం: మీకు మీరే మెసేజ్

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారా? ఫోన్ చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ ఎందుకు తీశారో కాగితం మీద రాసుకోమన్నాను. రాసినవాళ్లకు ఈపాటికి ఒక సంగతి తెలిసిపోయి ఉంటుంది. ఏదో పని మీద ఫోన్ తీస్తాం, చేయి దానంతటదే వాట్సాప్ మీదికి పోతుంది, ఒక గ్రూపు, రెండు స్టేటస్‌లు, పావుగంట గడిచాక అసలు దేనికి తీశామో గుర్తుండదు. రాయనివాళ్లు కంగారుపడకండి, ఈ పాఠం నుంచి మొదలుపెట్టినా ఫర్వాలేదు.

వేలు ఎలాగూ అటే పోతోంది కదా, దాన్ని ఆపడానికి రోజంతా కుస్తీ పట్టే బదులు చేయాల్సిన పనుల్నే తీసుకెళ్లి అక్కడ పెడదాం. పనులు రాసుకునే యాప్‌లు నేను మూడు నాలుగు వాడి చూశాను. బాగానే ఉంటాయి, కానీ వారం తిరిగేసరికి వాటిని తెరవడమే మర్చిపోతాం. వాట్సాప్‌ను మర్చిపోయిన రోజు మాత్రం ఉండదు.

మనకి మనమే మెసేజ్ పంపుకునే సదుపాయం వాట్సాప్‌లో 2022 నవంబరులో వచ్చింది. అంతకుముందు ఇంట్లోవాళ్లని ఎవరినో కలిపి గ్రూప్ చేసి, వెంటనే వాళ్లని తీసేసి, ఒక్కరమే మిగిలిన ఆ గ్రూపులో రాసుకునేవాళ్లం. ఇప్పుడు ఆ తంటా లేదు. కొత్త చాట్ గుర్తు నొక్కండి, కాంటాక్టుల పైనే మీ పేరు, దాని కింద 'మెసేజ్ యువర్‌సెల్ఫ్' అని ఉంటుంది. తెరిచి ఏదో ఒకటి పంపి, ఆ చాట్ ఎప్పుడూ అన్నిటికన్నా పైనే ఉండేలా పిన్ చేసుకోండి.

ఇక్కడ ఒక చిక్కుంది. రాసుకుందామని వాట్సాప్ తెరుస్తాం, పైన పిన్ చేసిన చాట్ కింద పదిహేను గ్రూపులు పచ్చ చుక్కలతో పిలుస్తుంటాయి, ఇక రాసుకోవడం సంగతి అంతే. అందుకని ఆండ్రాయిడ్ ఫోన్ అయితే ఆ చాట్ తెరిచి, పైన మూడు చుక్కలు నొక్కి, 'మోర్'లో 'యాడ్ షార్ట్‌కట్' నొక్కండి. ఆ చాట్ ఒక్కటే విడిగా ఫోన్ మొదటి తెర మీదికి వచ్చి కూర్చుంటుంది, దాన్ని నొక్కితే గ్రూపులు కంటపడకుండా నేరుగా మీ రాతల్లోకే వెళ్తారు. ఈ పాఠంలో ఒక్కటే చేస్తానంటే ఇది చేయండి, మిగతావి తర్వాత చూసుకోవచ్చు.

ఇక ఎలా రాయాలో చూద్దాం. 'కరెంటు' అని ఒక్క మాట రాసి వదిలేస్తే సాయంత్రానికి అది బిల్లో, రిపేరో, మీటరో మనకే అర్థం కాదు. చివర క్రియ ఉండాలి, ఎప్పుడు చేయాలో ఉండాలి, ఒక మెసేజ్‌కి ఒక్క పనే ఉండాలి. నిన్న ఉదయం నేను రాసుకున్నవి ఉన్నవి ఉన్నట్టు ఇస్తున్నా:

'స్లీపర్ తత్కాల్ – రేపు 11కి బుక్ చేయాలి, 10:50కే లాగిన్ అవ్వాలి'
'అమ్మ బీపీ మాత్రలు నాలుగే ఉన్నాయి – ఇవాళ వచ్చేటప్పుడు తేవాలి'
'మేడ మీద ట్యాంకు లీకు – ప్లంబర్‌కి భోజనాల వేళ ఫోన్ చేయాలి'

మూడోది రాసేటప్పుడు లీకు ఫొటో కూడా అదే చాట్‌లో పెట్టాను, తర్వాత దాన్నే ప్లంబర్‌కి ఫార్వర్డ్ చేశాను, ఫోన్లో వివరించే పని తప్పింది. చేతులు ఖాళీ లేనప్పుడు కీబోర్డు మీద ఉండే మైకు నొక్కి తెలుగులో చెప్పండి, అక్షరాలుగా పడుతుంది. వాయిస్ మెసేజ్ మాత్రం వద్దు, తర్వాత వెతుకుదామంటే సెర్చ్‌లో దొరకదు.

ఇంటి గ్రూపులో పెడితే సరిపోదా అని అడుగుతారు. సరిపోదు. పోయిన ఏడాది కరెంటు బిల్లు ఫొటో తీసి మా ఇంటి గ్రూపులో పెట్టాను, దాని మీద పెళ్లి ఫొటోలు వరసగా పడ్డాయి, బిల్లు ఎక్కడికో పోయింది, చివరికి గడువు దాటాక ఫైన్‌తో కట్టాం. పది మందికి చెప్పిన పని ఎవరిదీ కాకుండా పోతుంది.

రాసుకోవడం ఎంత ముఖ్యమో, రాత్రి ఖాళీ చేయడం అంతకన్నా ముఖ్యం. చాలామంది ఇక్కడే వదిలేస్తారు, నెల తిరిగేసరికి ఆ చాట్ కూడా ఒక చెత్తబుట్ట అయి కూర్చుంటుంది. పడుకునే ముందు పది నిమిషాలు చాలు. అయిపోయినవి డిలీట్ చేయండి. తేదీ ఉన్నవి క్యాలెండర్‌లోకి ఎక్కించండి. గ్యాస్ కస్టమర్ నంబర్ లాంటి ఎప్పుడూ కావాల్సినవాటికి స్టార్ పెట్టండి. మూడు రోజులుగా కదలకుండా ఉన్న మెసేజ్ ఉంటే అది చేస్తారో లేదో అక్కడికక్కడే తేల్చుకోండి, చేయకపోతే తీసేయండి, తప్పేం లేదు. ఏటీఎం పిన్, పాస్‌వర్డులు మాత్రం ఇందులో రాయొద్దు, ఫోన్ పిల్లల చేతుల్లో కూడా తిరుగుతుంది.

టెలిగ్రామ్ వాడేవాళ్లకు అక్కడ 'సేవ్డ్ మెసేజెస్' ఉంది. అందులో మెసేజ్ రాసి, పంపే బటన్‌ను కాసేపు నొక్కి పట్టుకుంటే రిమైండర్ పెట్టుకునే వీలుంది, మీరు చెప్పిన టైముకి అదే గుర్తుచేస్తుంది. తత్కాల్ లాంటి వాటికి ఇది చాలా మేలు.

ఈ వారం మీ పని: షార్ట్‌కట్ పెట్టుకోండి, ఏడు రోజులు రాయండి, ఏడు రాత్రులు ఖాళీ చేయండి. ఎనిమిదో రోజున చాట్‌లో ఇంకా మిగిలినవి ఏమిటో కాగితం మీద రాసి ఉంచండి, యూట్యూబ్ 'వాచ్ లేటర్' గురించి చెప్పే నాలుగో పాఠాన్ని ఆ కాగితంతోనే మొదలుపెడదాం.