ఇంప్లాంట్ పన్నుకు ఏ మౌత్‌వాష్ మంచిది, ఏది వద్దు

ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు నుంచీ రాజురా, బల్లార్షా నుంచీ నాగ్‌పూర్ వెళ్లి పన్ను పెట్టించుకున్నవాళ్లకు బోరు నీళ్ల ఫ్లోరైడ్ గురించి బెంగ ఎక్కువ. ఇంప్లాంట్ అంటే దవడ ఎముకలో బిగించే టైటానియం స్క్రూ, దాని మీద పన్ను క్యాప్. దాని విషయంలో ఆ బెంగ అక్కర్లేదు. నీళ్లలో లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటే ఎముకలకు చేటే (పరిమితి 1.5), కానీ టైటానియానికి అది లెక్కలోకి రాదు. 0.05 శాతం సోడియం ఫ్లోరైడ్ ఉన్న మౌత్‌వాష్‌లో 225 పీపీఎం (లీటరుకు 225 మిల్లీగ్రాములు) ఫ్లోరైడ్ ఉంటుంది, 0.2 శాతం దాంట్లో దాదాపు 900.

ఇవి కూడా వాటంతట అవే చెడ్డవి కావు. టైటానియం మీద కొన్ని నానోమీటర్ల మందాన ఆక్సైడ్ పొర ఉంటుంది. గీరుకుపోయినా వెంటనే మళ్లీ కడుతుంది, ఉప్పునీళ్లకు చెక్కు చెదరదు. పులుపు తగిలితే మాత్రం ఫ్లోరైడ్‌లో కొంత హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంగా మారుతుంది. ల్యాబ్ పరీక్షల్లో ఆ ఆమ్లం సుమారు 30 పీపీఎం దాటితే పొర కరిగింది. లెక్క కడితే 225 పీపీఎం ద్రావణానికి పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గితే పులుపు ఎక్కువ) 4 దాకా దిగాలి, 900కి 4.6 చాలు. డెంటల్ క్లినిక్‌లో పూసే 12,300 పీపీఎం ఆమ్ల ఫ్లోరైడ్ జెల్ పీహెచ్ 3.5 దగ్గరే ఉంటుంది. అసలు భయపడాల్సింది దానికే. మీకు ఇంప్లాంట్ ఉందని ముందే చెప్పి, పీహెచ్ 7 ఉన్న జెల్ అడగండి.

సీసా కొనేటప్పుడు లేబుల్ మీద సోడియం ఫ్లోరైడ్ శాతం చూడండి. పీహెచ్ సాధారణంగా రాయరు. అందుకే పీహెచ్ స్ట్రిప్ తెచ్చి, 5 మి.లీ. పోసి ముంచి, డబ్బా మీది రంగులతో పోల్చండి. మౌత్‌వాష్ ముదురు రంగుదైతే స్ట్రిప్‌కే రంగు పట్టి లెక్క తప్పుతుంది, రంగు లేనిదే ఎంచుకోండి. ఫ్లోరైడ్ ఉన్న సీసా 5.5 కంటే తక్కువ చూపిస్తే ఇంప్లాంట్‌కు వాడొద్దు. ఫ్లోరైడ్ లేని పుల్లటి మౌత్‌వాష్‌తో ఆ ప్రమాదం లేదు.

పుంటికూర పప్పో చింతపండు పులుసో నిమ్మరసమో తిన్న వెంటనే ఫ్లోరైడ్‌తో పుక్కిలించకండి. మంచినీళ్లతో రెండు మూడుసార్లు పుక్కిలించి, అరగంట ఆగి 10 మి.లీ. తీసుకోండి, అరనిమిషం నుంచి నిమిషం చాలు. నోట్లో ఎక్కువసేపు ఉంచుకుంటే మేలు అనుకోవద్దు.

సర్జరీ తర్వాత డాక్టర్లు ఎక్కువగా రాసే 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్‌లో ఫ్లోరైడ్ లేకపోతే టైటానియానికి ఇబ్బంది లేదు. పేస్టులోని నురుగు పదార్థం దాని పనితనాన్ని తగ్గిస్తుంది కాబట్టి బ్రష్ చేశాక అరగంట ఆగండి. రెండు వారాలు దాటితే పళ్లకు గోధుమ మచ్చలు రావచ్చు. హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను డాక్టర్ చెప్పకుండా రోజూ వాడకండి, అది టైటానియంతో నేరుగా చర్య జరుపుతుంది.

మౌత్‌వాష్ భయంతో బ్రష్ చేయడం మాత్రం మానొద్దు. ఇంప్లాంట్‌లను ఎక్కువగా ఊడగొట్టేది పాచి. దాని అడుగున బ్యాక్టీరియా వదిలే ఆమ్లం లోహానికీ, విషపదార్థాలు చిగురుకూ చేటే. ఖర్రా (పొగాకు, వక్క, సున్నం కలిపింది) నమిలేవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ. క్లీనింగ్‌కు వెళ్తే, మామూలు స్టీల్ మొన టైటానియాన్ని గీరుతుంది కాబట్టి ప్లాస్టిక్ మొన పెట్టమనండి.

చిగురు అంచున బూడిద రంగు, లోహపు రుచి, రక్తం, క్యాప్ కదలడం, వీటిలో ఏది కనిపించినా మౌత్‌వాష్ మార్చి చూద్దామని ఆగకండి. స్క్రూ వదులైందా, చిగురు వాచిందా అని ఎక్స్‌రేతో సహా ఆ వారంలోనే చూపించండి.