నారు మొక్కలకి పగలు తగ్గించే ముందు చూసుకోవాల్సినవి

– పగలు తగ్గించడమంటే నారుని రోజూ కొన్ని గంటలు నల్ల కర్టెన్‌తో కప్పి రాత్రిని పొడిగించడం, దాంతో పైన ఎదుగుదల ఆగి, కొనన మొగ్గ కట్టి, మొక్క చలికి సిద్ధమవుతుంది. స్ప్రూస్ లాంటి చలిదేశపు చెట్ల నారుకే ఇది, అన్నిటికీ పనిచేయదు.
– ముందు నల్ల కర్టెన్‌కి చిల్లులున్నాయేమో చూడండి, ఎందుకంటే రాత్రి మధ్యలో కాస్త లైట్ పడినా ఆకుల్లో వెలుతురుని పసిగట్టే ఫైటోక్రోమ్ అనే పదార్థం దాన్ని పట్టేసి రాత్రి చిన్నదే అనుకుంటుంది, ఇక మొగ్గ కట్టడం ఆలస్యమే.
– కర్టెన్ కింద వేడి, తేమ పెరిగిపోతాయి, గాలి ఆడాలి, లేదంటే బూజు గ్యారంటీ.
– మామూలుగా 8 గంటల వెలుతురు, 16 గంటల చీకటి, కొన్ని వారాలు. మధ్యలో ఒక్కరోజు కూడా మానొద్దు.
– మరీ తొందరగా మొదలెడితే, ఆపాక బయట ఇంకా వేడిగా, పగళ్ళు పొడుగ్గా ఉంటాయి కదా, కట్టిన మొగ్గ మళ్ళీ విచ్చుకుంటుంది, నా లెక్కలో ఇదే అసలు రిస్క్.
– నత్రజని తగ్గించండి, పూర్తిగా ఆపకండి, పైన ఎదుగుదల ఆగినా వేర్లు పెరుగుతూనే ఉంటాయి, చక్కెరలు పోగవుతాయి, చలికి తట్టుకునేది వాటివల్ల కూడా.
– వచ్చే వసంతంలో ఇవి ముందే చిగురిస్తాయి, లేట్ మంచు పడే చోట నాటొద్దు.