కొత్తగా నాటిన మొక్కలకు, పచ్చికకు నీరు పెట్టే పద్ధతి

నర్సరీ సంచిలో పెరిగిన మొక్కకు వేళ్లన్నీ ఆ సంచి మట్టిగడ్డలోనే ఉంటాయి. గుంతలో నాటిన తర్వాత అవి చుట్టుపక్కల నేలలోకి సాగడానికి కొన్ని వారాలు పడుతుంది కనుక, అంతవరకు మొక్క తాగగలిగేది ఆ గడ్డలోని తేమను మాత్రమే. పాదు చుట్టూ నేల తడిగా కనిపిస్తున్నా లోపలి గడ్డ పొడిబారి మొక్క వాడిపోవడం తరచుగా జరుగుతుంది. ముఖ్యంగా బంకమట్టి గడ్డతో వచ్చిన మొక్కను ఎర్రనేలలో నాటినప్పుడు నీరు గడ్డలోకి ఇంకకుండా పక్కల నుంచి జారిపోతుంది. అందువల్ల నాటడానికి ముందే సంచిని నీటి తొట్టిలో ఉంచి, బుడగలు రావడం ఆగేవరకు నానబెట్టాలి. మొదటి వారాల్లో మొదలుకు దగ్గరగా, నెమ్మదిగా నీరు పోయాలి.

పాదు చేయడంలో చూపే శ్రద్ధ తర్వాత ఎంతో నీటిని ఆదా చేస్తుంది. మొక్క చుట్టూ రెండడుగుల వెడల్పున పాదు తీసి, అంచున మూడు నాలుగు అంగుళాల ఎత్తు గట్టు వేస్తే బకెట్ నీరు పొర్లిపోకుండా అక్కడే ఇంకుతుంది. కాండానికి ఆనుకొని నీరు నిలవకూడదు. బత్తాయి, నిమ్మ మొక్కలకు మొదలు తడిగా ఉంటే బంక తెగులు సోకే ప్రమాదం ఉన్నందున, కాండం చుట్టూ మట్టిని కొద్దిగా ఎగదోసి, దాని వెలుపల రెండో గట్టు వేసి, ఆ రెండింటి మధ్యలోనే నీరు పెడతారు. ఈ పద్ధతిని ఇంటి పెరట్లోని మామిడికీ పాటించడం మంచిదని నా అభిప్రాయం. పైపు ధార నేరుగా పడితే మట్టి కొట్టుకుపోయి వేళ్లు బయటపడతాయి కాబట్టి, ధార పడే చోట చిన్న రాయి గానీ గోనెపట్టా గానీ వేయాలి.

సాధారణంగా చెట్టు మొక్కకు ఒక తడికి పది నుంచి పదిహేను లీటర్లు సరిపోతాయి. మొదటి రెండు వారాలు ఎర్రనేలలో దాదాపు రోజూ, నల్లరేగడిలో రెండు మూడు రోజులకొకసారి నీరు అవసరమవుతుంది. ఆ తర్వాత విరామాన్ని పెంచుతూ, పాదును కూడా వెలుపలికి విస్తరించాలి. రోజూ చెంబెడు నీరు చల్లితే పైపొర మాత్రమే తడిసి వేళ్లు అక్కడే అల్లుకుంటాయి, వేసవి ఎండకు ముందుగా ఎండేది కూడా ఆ పొరే. అయితే ఏ లెక్కనైనా నేలను చూసే సరిచేసుకోవాలి. సన్నని ఇనుప చువ్వను గడ్డ పక్కగా గుచ్చితే తడి నేలలో సులువుగా దిగుతుంది, పొడి నేలలో ఆగిపోతుంది. మధ్యాహ్నం ఆకులు వాలి సాయంత్రానికి తేరుకుంటే కంగారుపడవలసిన పని లేదు. తెల్లవారుజామున కూడా వాలి ఉంటే మాత్రం మట్టిని పరీక్షించాలి. మట్టి తడిగా ఉండి పుల్లని వాసన వస్తూ ఆకులు పసుపుబారితే నీరు ఎక్కువైందన్నమాట, అప్పుడు మరింత పోస్తే వేళ్లు కుళ్లుతాయి.

మందార, నందివర్ధనం వంటి పొదలకూ ఇదే క్రమం, నీరు అందులో సగం చాలు. పాదులో ఎండుటాకులు గానీ వరిగడ్డి గానీ రెండు మూడు అంగుళాల మందాన, కాండానికి తగలకుండా పరిస్తే తేమ ఎక్కువకాలం నిలుస్తుంది.

పచ్చిక సంగతి దీనికి భిన్నం. కొత్తగా పరిచిన గడ్డి పలకలకు వేళ్లు పైపైనే ఉంటాయి కనుక మొదటి పది పదిహేను రోజులు కొద్దికొద్దిగా, ఎండ తీవ్రంగా ఉంటే రోజుకు రెండుసార్లు తడపాలి. పలక మూలను మెల్లగా ఎత్తి చూడండి: కింది మట్టి తడిగా ఉంటే నీరు సరిపోయినట్లు, ఎత్తినా రాకుండా పట్టుకుంటే వేళ్లు దిగినట్లు. అప్పటి నుంచి రెండు మూడు రోజులకొకసారి, నాలుగైదు అంగుళాల లోతు వరకు తడిసేలా పెట్టాలి. నడిచిన అడుగుజాడలు గడ్డిపై అలాగే నిలిచిపోతే తదుపరి తడికి వేళ అయినట్లే. నీరు ఉదయమే పెట్టాలి. రాత్రంతా తడిసి ఉన్న గడ్డికి బూజు తెగుళ్లు తేలికగా వస్తాయి.

వానాకాలంలో నాటినవారు వర్షం ఉంది కదా అని ఊరుకోకూడదు. చినుకులు ఆకులను మాత్రమే తడిపి వెళ్లిన రోజుల్లోనూ, వానల మధ్య విరామం వచ్చినప్పుడూ చువ్వతో చూసి తడి ఇవ్వాలి. భారీ వర్షం పడుతుంటే, ముఖ్యంగా నల్లరేగడిలో, పాదు గట్టును పల్లం వైపు తెగ్గొట్టి నిలిచిన నీటిని వదిలేసి, వాన వెలిశాక మళ్లీ కట్టుకోవాలి.