దసరాకు కారు చక్రాలు తోమే ముందు: డ్రిల్లు బ్రష్షుతో జాగ్రత్తలు

ఆయుధ పూజకు రెండు మూడు రోజుల ముందు మా అపార్టుమెంటు సెల్లారులో డ్రిల్లు మోత మొదలవుతుంది. గోడకు రంధ్రం వేసే మోత కాదు. డ్రిల్లు మూతికి బ్రష్షు తగిలించి కారు చక్రాలు తోమే మోత. పోయిన ఏడాది ఆ మోతలో నాదీ ఒక పాలు ఉంది. దాని గుర్తుగా నా కారు ఎడమ ముందు చక్రం మీద రూపాయి బిళ్లంత మసక మచ్చ మిగిలింది. సాయంత్రపు ఎండ ఏటవాలుగా పడితే అందులో ఒకదాని చుట్టూ ఒకటిగా సన్నటి గీతలు కనిపిస్తాయి, గ్రామఫోను రికార్డు మీద ఉన్నట్టు. బ్రష్షును తప్పు పట్టను. గట్టి పోగుల ఎర్ర బ్రష్షు ఎంచుకున్నదీ నేనే, ట్రిగ్గరు చివరిదాకా నొక్కిందీ నేనే.

ముందు ఆ మురికి సంగతి తెలుసుకోవాలి. బ్రేకు వేసినప్పుడల్లా చక్రంతో పాటు తిరిగే డిస్కు నుంచి ఇనుప రజను, దాన్ని నొక్కిపట్టే ప్యాడు నుంచి నల్లటి పొడి రాలతాయి. కాలుతూ వచ్చిన ఆ రజను చక్రానికి అంటుకుని, వానకు తడిసి తుప్పు పడుతుంది. బ్రేకు భారం ఎక్కువగా ముందు చక్రాలే మోస్తాయి గనుక అవే తొందరగా నల్లబడతాయి. మన చిన్న కార్లలో చాలావాటికి వెనక ఉండేవి డ్రమ్ము బ్రేకులు. ఆ పొడి చాలావరకు డ్రమ్ములోనే ఉండిపోతుంది. కాబట్టి అసలు చాకిరీ నాలుగు చక్రాలకు కాదు, రెండింటికే. దీనికి తోడు వానాకాలం పోతూ పోతూ పూసిపోయిన ఎర్రమన్ను, ఇసుక. ఇంత గరుకును చక్రం మీద ఉంచి బ్రష్షు తిప్పితే గరుకు కాగితంతో రుద్దినట్టే. పైపుతో గట్టిగా నీళ్లు కొట్టి, స్పోకుల సందుల్లోని మట్టి జారిపోయి, కిందికి కారే నీళ్లు తేటపడేదాకా డ్రిల్లును పెట్టెలోంచి తీయకండి.

ఇక బ్రష్షు ఎంపిక. అందరూ రంగు చూసి కొంటారు. చాలా సెట్లలో తెల్లది మెత్తనిది, పసుపుది మధ్యరకం, ఎర్రది గట్టిది, నల్లది మరీ మొండిది. అయితే ఈ రంగులు అన్ని తయారీదారులకూ ఒకటే నియమం కాదు. ఒకరి పసుపు ఇంకొకరి ఎర్రకు దగ్గరగా ఉండవచ్చు. నేను నమ్మే పరీక్ష ఒకటే: పోగుల కొనలను ముంజేతి లోపలి వైపు ఆనించి కాస్త నొక్కి పక్కకు జరపండి. గుచ్చుకుని తెల్లటి గీత పడితే అది రంగు వేసిన చక్రానికి పనికిరాదు. కొనలు చీలి ఈకల్లా ఉన్న బ్రష్షు, పదునుగా కోసిన కొనలున్న బ్రష్షు కంటే మేలు. ఇనుప తీగల బ్రష్షును అల్లాయ్ (అల్యూమినియం మిశ్రమ లోహపు చక్రం) దరిదాపులకు రానివ్వకండి. అది పైపూతను లేపడమే కాదు, విరిగిన తీగ ముక్కలు కంటికి ఎగురుతాయి, కొన్ని అల్యూమినియంలో దిగబడి తర్వాత తుప్పు మచ్చలుగా తేలుతాయి. ఆకుపచ్చ స్క్రబ్బరు బిళ్లలు కూడా అంతే. వాటిలో ఉండేది అరగదీసే పొడి. స్నానాలగది టైల్స్ తోమిన బ్రష్షునే చక్రానికి వాడాలన్న పొదుపు బుద్ధి కూడా వద్దు.

మీ చక్రం ఏ రకమో చూసుకోండి. నల్లరంగు ఇనుప రిమ్ము అయితే దానిమీద బిగించిన కప్పు ఊడదీసి మధ్యరకం బ్రష్షుతో తోమవచ్చు. కప్పు మాత్రం ప్లాస్టిక్, దాన్ని విడిగా చేత్తోనే కడగండి. మామూలుగా రంగు వేసిన అల్లాయ్‌కి మెత్తనిదే. ముఖమంతా అద్దంలా మెరుస్తూ లోతట్టు నల్లగా ఉండే డైమండ్ కట్ అల్లాయ్ అయితే ముఖం మీద డ్రిల్లే వద్దు. లేతు యంత్రం మీద చెక్కిన ఆ మెరుపుకు రక్షణ పైనున్న పారదర్శకమైన పూత ఒక్కటే. అది గీసుకుపోతే నీరు లోపలికి దిగి, కొన్నాళ్లకు తెల్లటి పురుగులు పాకినట్టు చారలు బయలుదేరతాయి. నా మటుకు నేను చెప్పేది, డ్రిల్లు బ్రష్షు చక్రం కంటే టైరుకే బాగా పనికొస్తుంది. టైరు పక్కభాగం గోధుమరంగుకు తిరగడం మురికి వల్లే కాదు. రబ్బరు పగలకుండా కలిపిన పదార్థాలు పైకి ఊరడం వల్ల కూడా. షాంపూ నురగతో మధ్యరకం బ్రష్షు రెండు చుట్లు తిప్పితే అది ఎంత బాగా వదులుతుందో చేత్తో తోమినవాళ్లకే తెలుస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది వేగం. ఇళ్లలో ఉండే తీగ డ్రిల్లు సాధారణంగా నిమిషానికి 2,800 చుట్ల దాకా తిరుగుతుంది. దానికి నాలుగు అంగుళాల బ్రష్షు బిగిస్తే అంచు గంటకు సుమారు 53 కిలోమీటర్ల వేగంతో చక్రాన్ని రాస్తుంది. అదే బ్యాటరీ డ్రిల్లును 1వ గేరులో పెట్టి 400 చుట్లకు కుదిస్తే అంచు వేగం ఏడున్నర కిలోమీటర్లు. మనిషి చురుగ్గా నడిచే వేగం. మురికి వదలడానికి అది చాలు. వదలకపోతే లోపం చక్రం కడిగే మందులోనో నానబెట్టడంలోనో ఉంది. వేగం పెంచితే రాపిడికి వేడెక్కి నైలాన్ పోగులు మెత్తబడతాయి, బురద నీళ్లు మన మొహానికే వస్తాయి. స్క్రూలను దెబ్బలు కొడుతూ బిగించే ఇంపాక్ట్ డ్రైవరు వద్దే వద్దు. సుత్తి గుర్తున్న డ్రిల్లయితే ఆ మీటను మామూలు డ్రిల్లింగుకు తిప్పండి.

నొక్కడం ఇంకో పొరపాటు. పోగులు వంగిపోయేలా నొక్కితే రుద్దేది పోగులు కాదు, వాటి అడుగున ఉన్న ప్లాస్టిక్ పళ్లెం. కొన్నిటి నడుమ ఇనుప నట్టు కూడా ఉంటుంది. నా మచ్చకు కారణం ఆ నట్టేనని తర్వాత తెలిసింది. స్పోకుల మధ్య ఎన్ని వేళ్లు దూరతాయో చూసి అంతకంటే చిన్న బ్రష్షు కొనండి. ఇరుకు సందులో పెద్ద బ్రష్షు చిక్కుకుంటే అది ఆగుతుంది, డ్రిల్లు తిరుగుతుంది, మణికట్టు మెలిపడుతుంది. డ్రిల్లు మెడ దగ్గర అంకెలున్న వలయాన్ని చిన్న అంకె మీద ఉంచితే చిక్కుకున్నప్పుడు టకటకమంటూ జారిపోతుంది, చెయ్యి బతుకుతుంది. స్పోకుల వెనక ఉన్న రిమ్ము లోపలి గొట్టం భాగం తోమడానికి డ్రిల్లుకు పొడవాటి కడ్డీ తగిలించేవాళ్లు ఆ కడ్డీకి ఇన్సులేషన్ టేపు చుట్టండి. స్పోకును గీసేది చాలాసార్లు బ్రష్షు కాదు, కడ్డీయే. దాన్ని గాలిలో వేగంగా తిప్పకండి, వంగి కొరడాలా కొడుతుంది.

కరెంటు సంగతి. తడి నేల, పాదాలకు రబ్బరు చెప్పులు, పక్కన బకెట్టు, నీళ్లలో ఈదుతున్న ఎక్స్‌టెన్షన్ బాక్సు: ఈ దృశ్యం ప్రతి దసరాకూ చూస్తున్నాను, చూసినప్పుడల్లా గుండె గుబేలుమంటుంది. 230 వోల్టుల డ్రిల్లును ఈ పనికి వాడకండి. షాకు కొట్టకుండా రెండు పొరల రక్షణ ఉందని చెప్పే డబుల్ ఇన్సులేషన్ గుర్తు ఉన్నా సరే, లోపలికి నీళ్లు దూరితే ఆ గుర్తు కాపాడదు. 12 లేదా 18 వోల్టుల బ్యాటరీ డ్రిల్లు తీసుకోండి. పెట్టె మీద 20, 21 అని ఉన్నా చాలావరకు అదే 18. నిండుగా చార్జి అయినప్పటి లెక్క వేసి పెద్ద అంకె రాస్తారు. దానిమీద కూడా నీళ్లు చల్లవద్దు. తడి చేతులతో బ్యాటరీ మార్చవద్దు.

తారు చుక్కలు పోవాలని గుడ్డకు పెట్రోలో థిన్నరో అద్దుతారు కదా, ఆ రోజు డ్రిల్లును దగ్గరికి తేకండి. చాలా డ్రిల్లుల మోటారులో కార్బన్ బ్రష్షుల (తిరిగే భాగానికి కరెంటు అందించే బొగ్గు ముక్కల) దగ్గర నిప్పురవ్వలు పుడుతూనే ఉంటాయి. వెనక ఉన్న గాలి సందుల్లోంచి చూస్తే నీలంగా మెరుస్తూ కనిపిస్తాయి. గాలి ఆడని సెల్లారులో పెట్రోలు ఆవిరికి అంతకంటే ఏం కావాలి.

ఒంటి మీద వదులైనవి ఉండకూడదు. చున్నీ, లుంగీ అంచు, చేతి దారాలు, జడ, అన్నిటికంటే నూలు చేతితొడుగులు. బ్రష్షు వాటిని పట్టుకుందంటే వేలితో సహా లాగుతుంది. చేతికి అతుక్కునే పల్చటి రబ్బరు తొడుగులు మంచివి. కంటికి అద్దాలు తప్పనిసరి. పొడిగా తోమకండి, బ్రేకు పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్లకూడదు.

మరుగుదొడ్డి కడిగే ఆమ్లంతో చక్రం తళతళలాడుతుందని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకోండి. ఇనుప రజనుకు విడిగా మందు దొరుకుతుంది, చక్రం మీద చల్లాక ఊదారంగుకు తిరిగి కారుతుంది, వాసన మాత్రం భరించలేం. ఏ మందైనా చక్రం చల్లారాకే, నీడలో, ఆరకముందే కడిగేయాలి. బోరు నీళ్లయితే వెంటనే గుడ్డతో తుడవండి, లేకపోతే తెల్ల మరకలు మిగులుతాయి.

రిమ్ము లోపలి గోడకు అంటించిన చిన్న లోహపు బిళ్లలు చక్రం తూకం కోసం పెట్టినవి. బ్రష్షు తగిలి ఒకటి ఊడినా రోడ్డు మీద వేగం పెరిగినప్పుడు స్టీరింగు వణుకుతుంది. గాలి పోసే వాల్వును, బ్రేకు గొట్టాన్ని, సన్నటి సెన్సరు తీగలను కూడా వదిలేయండి. ఇక కారును జాకీ మీద లేపి, ఇంజను ఆన్ చేసి, తిరుగుతున్న చక్రానికి బ్రష్షు ఆనించే తెలివితేటలు కొందరు చూపిస్తున్నారు. కారు జాకీ మీంచి జారిందంటే ముందుకు దూకుతుంది.

కడగడం అయ్యాక బొట్లు పెట్టే తొందరలో ఒకటి మరిచిపోతాం. తడిసిన బ్రేకులు మొదట సరిగా పట్టవు. వాకిట్లోనో, ఖాళీ వీధిలోనో మెల్లగా నడుపుతూ నాలుగైదుసార్లు తేలిగ్గా బ్రేకు వేసి ఆరబెట్టండి, నిమ్మకాయలు ఆ తర్వాత తొక్కించవచ్చు. నట్ల గుంటల్లో దాగిన నీళ్లు కూడా ఆ తిప్పడంతోనే బయటికి వస్తాయి. లేకపోతే పసుపు కుంకుమలు అద్దిన పది నిమిషాలకు అవి కారి, తెల్లగా తోమిన చక్రం మీద ఎర్రటి చారికలు దిగుతాయి.